తేనెపిట్ట మీద ఎర్ర సున్నా

ముందే ఒప్పుకుంటున్నాను, నేను పెంచి చెబుతాను. బస్సు డిపోలో విడిభాగాలు ఇచ్చే కిటికీ వెనక కూర్చునే ఉద్యోగం నాది. మెకానిక్ పది వాషర్లు అడిగితే పదే ఇవ్వాలి, పదకొండోది ఇస్తే సంజాయిషీ రాసుకోవాలి. రోజుకు ఎనిమిది గంటలు అంత కచ్చితంగా బతికినవాడు ఇంటికొచ్చాక ఎక్కడో ఒకచోట నోరు వదులు చేసుకోకపోతే పిచ్చెక్కుతుంది. కాబట్టి ఇందులో వచ్చే చెట్టు ఎత్తు, నా లెన్సు పొడవు, మా గల్లీ మురుగు మోరీ లోతు, మా సంఘం అధ్యక్షుడి గొంతు, వీటిలో మీకు తోచినంత కోసుకోండి. నా కోపాన్ని మాత్రం కోయకండి. దాన్ని నేనే చాలావరకు తగ్గించి రాస్తున్నాను, ఇంట్లో ఆడపిల్లలు చదువుతారని.

మా ఇల్లు ఫలక్‌నుమా స్టేషన్ వెనక గల్లీలో ఉంది. గల్లీ అంటే, ఎదురుగా ఒక ఆటో వస్తే మనం పోస్టరులా గోడకు అతుక్కోవాలి. రెండు ఆటోలు ఎదురెదురుగా వస్తే వాటిలో ఒకడు అక్కడే కాపురం పెట్టుకోవాలి. మాకు ఎడమ పక్కన పెళ్లి షేర్వానీలకు జరీ పని చేసే కార్ఖానా, కుడి పక్కన ఎనిమిది బర్రెల పాల డెయిరీ. డెయిరీ నడిపేది ఒక అవ్వ. కొడుకులు పాలు పోయడానికి వెళ్తారు, కోడళ్లు పాలు పిండుతారు, అవ్వ మాత్రం నులక మంచం మీద కూర్చుని అందర్నీ తిడుతుంది. ఆ తిట్లు వినబడితేనే బర్రెలు చేపుతాయని మా గల్లీలో గట్టి నమ్మకం.

ఆ డెయిరీ వాకిట్లో, బర్రెల కొట్టం రేకుల మీదికి ఒరిగి, ఒక మునగచెట్టు ఉంది. శివరాత్రి దాటిందంటే దానికి ఆకు కనబడదు, అంతా పూతే. చూసేవాడికి ఎవరో దూదిబస్తా చించి చెట్టు మీద దులిపారనిపిస్తుంది. ఒక పక్క పేడ వాసన, ఇంకో పక్క మోరీ వాసన. ఈ రెండింటి నడుమ మునగపూల సన్నటి తీపి వాసన, పెళ్లిపందిట్లో బీద చుట్టంలా, ఒదిగి ఒదిగి మా డాబా మీదికి వచ్చేది. ఆ వాసనకు నేనొక్కణ్ణే కాదు, తేనెపిట్టలూ వచ్చేవి.

తేనెపిట్ట తెలుసు కదా. బొటనవేలంత ఉంటుంది. ఈ పూత రోజుల్లో మగది నల్లగా కనిపిస్తుంది, ఎండ తగిలిందంటే నెమలికంఠం రంగు, ఊదా, రాగి, ఇంకా పేర్లు పెట్టని రంగులు నాలుగు ఒకేసారి మండుతాయి. ఆడది మట్టిరంగు మీద కాస్త పసుపు పూసుకుని, పనంతా తానే చేస్తుంది. మా ఇంట్లోలాగే అని మా ఆవిడ అంటుంది.

యాభై నిండిన ఏడు నాకు ఈ పిట్టల ఫోటోలు తీయాలన్న పిచ్చి పుట్టింది. ఎవరో వాడి వదిలేసిన కెమెరా, దానికి బోరుబావిలో దించే పైపంత లెన్సు సంపాదించాను. మొదటి రోజు డాబా మీద దాన్ని నిలబెడితే గల్లీలో మూడు కిటికీలు టపటపా మూసుకున్నాయి. జరీ కార్ఖానా భాయ్ కిందినుంచి అరిచాడు, "అరె భాయ్, తోప్ కైకు లగాయే? కిస్‌పే ఫైర్ కర్‌రై?" ఆయన కళ్లకు అది ఎవరి మీదో గురిపెట్టిన ఫిరంగి. అవ్వ నొసటి మీద చెయ్యి అడ్డంపెట్టి చాలాసేపు చూసి, "ఏంది కొడుకా గది, పాలు పిండే మిషనా?" అంది.

"కాదవ్వా, పిట్టల ఫోటోలు తీస్తున్న."

"పిట్టలకు ఫోటోలెందుకు? ఆధార్ కార్డు ఇప్పిస్తవా?"

మా ఆవిడ పాత చీర అడ్డం కట్టుకుని, దానికి చిల్లు చేసి, ఆ చిల్లులోంచి లెన్సు బయటపెట్టి, నెల రోజులు కూర్చున్నాను. డ్యూటీకి వెళ్లేముందు గంటన్నర, వారం సెలవు రోజు ఎండ నెత్తికెక్కేదాకా. తేనెపిట్ట కుదురుగా ఉండే ప్రాణి కాదు. నేను మీట నొక్కేలోపు మూడు కొమ్మలు మారి, నాలుగు పూలు తాగి, నన్ను రెండు మాటలని, వెళ్లిపోయేది. పిట్ట ఇప్పుడే లేచిపోయిన కొమ్మల ఫోటోలు నా దగ్గర ఉన్నన్ని ప్రపంచంలో ఎవరి దగ్గరా లేవు. పైగా ప్రతి ఫోటోలోనూ ఒక కరెంటు వైరు. పాతబస్తీలో వైరు అడ్డం రాకుండా ఆకాశాన్ని ఫోటో తీసిన మొనగాడు ఇంకా పుట్టలేదు. కోట్ల నక్షత్రాలు సర్దుకున్న ఆకాశంలో మా స్తంభం నుంచి కొట్టానికి వెళ్లే ఆ ఒక్క వైరుకు చోటు మధ్యలోనే దొరికింది.

ఇలా నేను వైరును తిట్టుకుంటున్న రోజుల్లోనే అవ్వ ఒకనాడు నన్ను కిందికి పిలిచింది.

"నీ మిషను మీదినే పెట్టి రా. ఒకటి చూపిస్త."

కొట్టం రేకుల మీదుగా వైరు వైపు సాగిన కొమ్మ చివర ఒక గూడు వేలాడుతోంది. దూరానికి చెత్త పట్టుకున్న సాలెగూడులా ఉంది. దగ్గరికి వెళ్లి చూస్తే కళ్లు చెదిరాయి. సాలెపట్టు, ఎండుగడ్డి పోచలు, పాల పాకెట్ ముక్క, వీటి నడుమ మెరుస్తూ బంగారు జరీ దారాలు! కార్ఖానా కిటికీ కింద ఊడ్చిపారేసిన దారాలను ఏరుకొచ్చి అల్లింది. గుమ్మానికి పైన చిన్న చూరు కూడా దించింది. కొండమీది ఫలక్‌నుమా ప్యాలెస్‌లో అంత పనితనం లేదు. నేను లోపలికి వెళ్లి చూడలేదు గానీ, లేదని నా పట్టుదల.

"గుడ్లు పగిలి పిల్లలొచ్చినయి. రెండు," అంది అవ్వ గుసగుసగా. ఆమె గొంతులో గుసగుస అనేది ఒకటుంటుందని నాకు ఆ రోజే తెలిసింది. "గీ కొమ్మ నుంచి ఒక్క ఆకు తెంపితె చేతులు ఇరుగగొడ్తనని కోడండ్లకు చెప్పిన. నీక్కూడ గదే మాట."

తల్లిపిట్ట వచ్చి వాలగానే గుమ్మంలోంచి రెండు పసుపు నోళ్లు ఒక్కసారి తెరుచుకున్నాయి. పెసరగింజంత గొంతులు, వాటిలోంచి బర్రెదూడలంత ఆకలి. ఇంకో ఏడెనిమిది రోజుల్లో ఎగిరిపోతాయని నేను లెక్కగట్టాను. ఆ రోజు నుంచి నాకు డిపో గుర్తులేదు, అన్నం గుర్తులేదు. ఆ రెండూ ఎగరాలి, అంతే.

ఇక ఆ పాపిష్టి ఫోటో దగ్గరికి వస్తున్నాను.

మర్నాడు పొద్దున, ఎండ కొట్టం రేకుల మీద పడి కింది నుంచి పైకి కొడుతున్న వేళ, మగపిట్ట వచ్చి సరిగ్గా ఆ వైరు మీద వాలింది. వైరుకు ఆనుకుని ఒక పూలగుత్తి. పిట్ట మెడ చాచి, ముక్కు పువ్వులో దించి, ఒక్క లిప్తకాలం అలాగే ఆగింది. నొక్కాను. వచ్చింది. నెల రోజులుగా నేను తిట్టిన వైరే ఫోటోకు అడ్డంగా గీసిన గీతలా, దాని మీద మండుతున్న నీలిముద్దలా పిట్ట, చుట్టూ తెల్లటి పూత. నా జన్మలో నేను చేసిన పనుల్లో పెంచి చెప్పాల్సిన అవసరం లేని పని ఇదొక్కటే.

అంత మంచి ఫోటో తీసినవాడు ఏం చేయాలి? చూసుకుని మురిసిపోయి నోరు మూసుకోవాలి. నేను దాన్ని మా కాలనీ సంక్షేమ సంఘం వాట్సాప్ గ్రూపులో పెట్టాను.

ఆ గ్రూపు గురించి మీకు చెప్పాలి. దానికి ఒక్కటే నియమం, అదీ అధ్యక్షుడు పెట్టింది: శుభోదయాలు, దేవుడి బొమ్మలు, పిల్లల పుట్టినరోజులు పెట్టకూడదు. ఫిర్యాదులు మాత్రమే పెట్టాలి. కాబట్టి మా గ్రూపులో పన్నెండేళ్లుగా ఫోటో అంటే ఫిర్యాదే. పొంగిన మోరీ, వెలగని వీధిదీపం, చచ్చిన కుక్క, బతికి కరుస్తున్న కుక్క. అధ్యక్షుడు ఏదో ఆఫీసులో హెడ్ గుమాస్తాగా రిటైరైన పెద్దమనిషి. ఫోటో పడటమే ఆలస్యం, దాని మీద సమస్య ఉన్నచోట వేలితో ఎర్ర సున్నా చుట్టి, సంబంధిత శాఖకు పంపి, నంబరు తెచ్చి, ఆ నంబరును గ్రూపులో ప్రకటిస్తాడు. సమస్య తీరడంతో ఆయనకు పనిలేదు. నంబరు వస్తే ఆయనకు ఆ పూట భోజనం అరుగుతుంది.

నా ఫోటో పడగానే మొదట పొగడ్తలే వచ్చాయి. "వాహ్ భాయ్ వాహ్, క్యా పిక్చర్ నికాలే!" అని జరీ భాయ్ రాశాడు. నేను ప్రతి పొగడ్తనూ మా ఆవిడకు చదివి వినిపించాను, కొన్నింటిని రెండుసార్లు.

"మునగచెట్టు ఎక్కిస్తున్నరు నిన్ను," అందామె పప్పు ఎనుపుతూ. "దిగేటప్పుడు నడుము జాగ్రత్త."

మధ్యాహ్నం అధ్యక్షుడి సందేశం వచ్చింది. నా ఫోటోయే. దాని మీద ఎర్ర సున్నా. పూలగుత్తి వైరుకు తగిలినచోట ఆయన చుట్టిన ఆ సున్నా గీత సరిగ్గా పిట్ట మీదుగా పోయి, తల ఒకవైపు, తోక ఒకవైపు మిగిలింది. కింద, "ఈ సమస్యను సోదాహరణంగా మా దృష్టికి తెచ్చిన సభ్యునికి ధన్యవాదములు. కొమ్మలు కొట్టించుటకై వారి పేరిటనే ఫిర్యాదు నమోదైనది." దాని కింద ఒక నంబరు.

డిపో కిటికీ అవతల నిలబడ్డ మెకానిక్ నాకు కాసేపు కనబడలేదు. వెంటనే అధ్యక్షుడికి ఫోన్ చేశాను.

"సార్, నేను పెట్టింది పిట్ట ఫోటో!"

"ఏ పిట్ట?"

"మీరు సున్నా చుట్టి నరికిన పిట్ట!"

"ఓహో, అక్కడ పిట్ట ఉన్నదా? నేను వైరు చూసిన."

"ఆ కొమ్మకు గూడు ఉన్నది సార్. పిల్లలున్నయి. ఇంకో వారమైతే ఎగిరిపోతయి. ఫిర్యాదు వాపస్ తీసుకోండ్రి."

"వాపస్ అనే పద్ధతి లేదయ్యా. ఫిర్యాదు పెట్టవచ్చును, పరిష్కరించవచ్చును. వాపస్ ఎట్ల? రేపు పొద్దున మనుషులు వస్తున్నమని జవాబు కూడ వచ్చింది. నా సర్వీసులో ఒక్క రోజులో జవాబొచ్చిన మొట్టమొదటి ఫిర్యాదు ఇది. నువ్వు సంతోషపడాలె!"

అదండీ నా రక్తం ఉడికిన చోటు. మా గల్లీ మోరీ ఎన్నేళ్లుగా పొంగుతోందంటే, అందులో పడవ వేసుకుని జల్‌పల్లి చెరువుదాకా వెళ్లి రావచ్చు. దాని ఫోటోలు, సున్నాలు, నంబర్లు ఒక గోనెసంచికి సరిపోతాయి. ఒక్కడు రాలేదు. వీధిదీపం వెలగక ఎంతమంది కాళ్లు విరిగాయో, ఒక్కడు రాలేదు. బొటనవేలంత పిట్ట ఇల్లు కూల్చమంటే తెల్లారేసరికి నిచ్చెన వేసుకుని వస్తున్నారు! ఈ దేశంలో పని చురుగ్గా జరగాలంటే అది ఎవరినైనా నాశనం చేసే పనై ఉండాలి కాబోలు. ఆ మాట గ్రూపులో రాశాను. అధ్యక్షుడు దాన్ని తొలగించాడు, ఫిర్యాదు కాదని.

మర్నాడు నా వారం సెలవు. పొద్దున్నే నిచ్చెన వచ్చింది. దాన్ని మోసుకుంటూ ఒక లైన్‌మన్, ఇంకో మనిషి, పొడవాటి వెదురు కర్రకు కట్టిన కొడవలి. లైన్‌మన్‌కు నా వయసే ఉంటుంది. కళ్లకింద నిద్రలేని నలుపు. వస్తూనే ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర కరెంటు బంద్ చేశాడు. కార్ఖానాలో మిషన్లు ఊపిరి పోయినట్టు ఆగిపోయాయి.

నేను కొట్టం గుమ్మంలో చేతులు చాచి నిలబడ్డాను.

"నా శవం మీంచి పోవాలె," అన్నాను.

"సార్, జర పక్కకు జరుగుండ్రి," అన్నాడతను ఓపికగా. "నాకు కొమ్మతోని దుష్మనీ లేదు, మీతోని లేదు. ఫిర్యాదు నంబరున్నది. కొమ్మ కొట్టినట్టు ఫోటో పెట్టాలె. పెట్టకపోతే పైనుంచి నాకు ఫోన్. ఇంతకు ఫిర్యాదు పెట్టినోడు ఎవడో..." ఫోన్ తీసి చూశాడు. నా వైపు చూశాడు. మళ్లీ ఫోన్ చూశాడు. "మీరే కద సార్?"

గల్లీ అంతా నవ్వింది. కరెంటు పోతే మా గల్లీలో జనం పుట్టలోంచి ఉసిళ్లలా బయటికొస్తారు. జరీ భాయ్ నెత్తి పట్టుకుని వచ్చాడు. "భాయ్, ఖుద్ కంప్లైంట్ డాల్‌కే ఖుద్‌ఇచ్ రోక్‌రై? షాం కో దుల్హేకీ షేర్వానీ దేనా హై మేరేకు! దుల్హా బనియన్ పే జాతా క్యా?" ఫిర్యాదు పెట్టిందీ నేనే, అడ్డుపడేదీ నేనేనట; సాయంత్రం షేర్వానీ అందకపోతే పెళ్లికొడుకు బనియన్‌తో పోవాలా అని ఆయన బాధ.

అవ్వ మంచం దిగింది. అవ్వ మంచం దిగడమంటే చిన్న విషయం కాదు. బర్రెలు కూడా నెమరు ఆపాయి.

"ఎవడ్రా నా చెట్టు మీద చెయ్యేసేది? నా సొంత కోడండ్లనే ముట్టనియ్యలే, నువ్వెవడివిరా?"

లైన్‌మన్ కోపగించుకోలేదు. నిచ్చెన వేసి, పైకెక్కి, వైరుకు తగిలిన పూలగుత్తిలోంచి రెండు ఆకులు తుంపి, కిందికి దిగి ఆమె చేతిలో పెట్టాడు. ఆకుల అంచులు నల్లగా కాలి ఉన్నాయి.

"అవ్వా, గిది చూడు. వైరు మీది తొడుగు పాతగై చినిగింది. గాలికి కొమ్మ తగిలినప్పుడల్ల మిణుకు మిణుకుమంటున్నది. కింద రేకులు. రేకుల కింద నీ బర్లు. తడిసిందంటే ఒక్కటి మిగలదు. అటెనక నువ్వు నన్నే తిడ్తవు."

ఆ ఫోటోను నేను వందసార్లు పెద్దది చేసి చూశాను. పిట్ట కంటిపాపలో నా డాబా నీడ కనిపించేదాకా చూశాను. ముక్కుకు అంటిన పుప్పొడి లెక్కపెట్టాను. పిట్టకు జానెడు దూరంలో కాలిన ఆకు ఉందని చూడలేదు. అధ్యక్షుడు వైరు చూసి పిట్టను చూడలేదు. నేను పిట్టను చూసి వైరు చూడలేదు. ఆయన్ను తిట్టడానికి కూడబెట్టుకున్న తిట్లలో సగం నాకే పనికొచ్చాయి, వాడుకున్నాను.

అవ్వ ఆ ఆకులు పట్టుకుని గూటి వైపు చూసింది, బర్రెల వైపు చూసింది. చాలాసేపు తిట్టలేదు. అది చూసి నాకు భయమేసింది.

"కొమ్మ గుంజి కట్టేద్దామా?" అన్నాను. "పలుపుతాడు ఉన్నది కద."

"మునగకొమ్మరా అది! గుంజితె పుటుక్కుమంటది. గా మాత్రం ఎరుక లేకనే ఫోటోలు తీస్తున్నవా?" అని, ఉన్నట్టుండి కోడలి వైపు తిరిగింది. "బర్లను కడిగే పైపు తే!"

నీళ్ల పైపు వచ్చింది. అవ్వ మూరెడు కొలిచి, గడ్డి కోసే కత్తితో తానే కోసింది. లైన్‌మన్‌కు అర్థమైంది. మొట్టమొదటిసారి అతని ముఖంలో నిద్ర విడిచింది. ఆ ముక్కను నిలువునా చీల్చి, నిచ్చెనెక్కి, కొమ్మ తగిలే చోట వైరుకు తొడిగి, రెండు చివర్లా నల్ల టేపు చుట్టాడు. గూడు అతని చెవికి బెత్తెడు దూరంలో ఉంది. తల్లిపిట్ట అతని నెత్తి చుట్టూ తిరుగుతూ, అవ్వ శిష్యరికం చేసినట్టు, ఒక్క తిట్టూ మిగల్చకుండా తిట్టింది. "అయిపోయిందమ్మా, అయిపోయింది," అంటూనే ఉన్నాడతను, ఇంజక్షను ఇచ్చే నర్సమ్మలాగా.

గల్లీ చప్పట్లు కొట్టింది. అక్కడితో ముగిసిపోవాలి ఈ కథ. నేను హాస్యం రాసేవాణ్ణి, ముగించడం నాకు రాదా?

సరిగ్గా అప్పుడు అధ్యక్షుడు వచ్చాడు. ఇస్త్రీ చొక్కా, చేతిలో ఫోను.

"పైపు తొడుగుట తాత్కాలికం," అన్నాడు. "ఫిర్యాదు కొమ్మలు కొట్టుట గురించి. కొట్టిన ఫోటో పెట్టనిదే నంబరు మూయబడదు. నంబరు మూయకపోతే వీరు మళ్ల రావలె. ఈసారి ఎవరొస్తరో, పిట్టను చూస్తరో చూడరో."

"సార్, ప్రమాదం పోయింది కద," అన్నాను పళ్లు కొరుకుతూ.

"ప్రమాదం పోయినట్టు పెట్టే గడి ఫిర్యాదు ఫారంలో లేదు."

లైన్‌మన్ తల వంచుకున్నాడు. "ఆయన చెప్పింది నిజమే సార్. ఫోటోల కొమ్మలు కింద పడున్నట్టు కనబడాలె. గూడున్న కొమ్మ ముట్టను. అవతలి దిక్కు రెండు మూడు కొడ్త. అవ్వా, ఏమంటవు?"

అవ్వ మంచం మీద కూర్చుని అటు తిరిగింది.

అవతలి వైపు కొమ్మలకు వైరుతో ఏ సంబంధమూ లేదు. వాటికి తెలిసిన నేరం ఒకటే, నిండా పూయడం. మూడు కొట్టాడు. మూడోది తొడంత లావు. అది విరిగినప్పుడు చెట్టంతా మొదలు దాకా ఊగింది. వాకిలి నిండా పూలు రాలాయి, బర్రెల వీపుల మీద కూడా. కరెంటు స్తంభం కింద ఆ కొమ్మల కుప్ప చూస్తే ఎవరి పెళ్లో మధ్యలో ఆగిపోయినట్టు ఉంది. అతని ఫోన్ కెమెరా అద్దం పగిలిపోయి ఉంది. "సార్, మీ పెద్ద కెమెరాతోని జర తియ్యుండ్రి," అన్నాడు, నా కళ్లలోకి చూడకుండా.

తీశాను. నెల రోజులు పిట్టకోసం కూర్చున్న కెమెరాతో, పిట్టలు తాగే పూలను నరికి పోసిన కుప్పను తీశాను. ఏ కాగితం నింపడానికి, ఎవడి కడుపు నిండటానికి? ఎందుకంటే ఒక గడి ఉంది, అది ఖాళీగా ఉండకూడదు. చెట్టు ఖాళీ కావచ్చు.

సాయంత్రం ఆ కుప్ప ఫోటో గ్రూపులో పడింది. ఆకుపచ్చ రంగుతో సున్నా. "ఫిర్యాదు విజయవంతముగా పరిష్కరింపబడినది. ఫిర్యాదుదారునికి అభినందనలు." పిట్ట ఫోటోకు వచ్చిన బొటనవేళ్లకంటే కుప్ప ఫోటోకు మూడింతలు వచ్చాయి. నేను ఫోన్ తీసి గోడకేసి కొట్టబోయాను. మా ఆవిడ లాక్కుంది. "గోడ పగులుతది," అంది.

తరవాతి రోజుల్లో తల్లిపిట్ట వెళ్లే దూరం పెరిగింది. ముందు పది లెక్కపెట్టేలోపు వచ్చేది, ఇప్పుడు స్టేషన్‌లో లోకల్ రైలు వచ్చి, వెళ్లి, ఇంకోటి వచ్చినా రాదు. అవ్వ ఒక పక్క బక్కెట్లతో నీళ్లు మోయిస్తూ బర్రెలు కడిగిస్తోంది, పొట్టిదైపోయిన పైపు ఇక కొట్టం చివరిదాకా అందదు కాబట్టి. కోడళ్లు నన్ను చూస్తే ముఖం తిప్పుకుంటున్నారు. నేను డ్యూటీకి ఆలస్యంగా వెళ్లి అధికారుల చేత తిట్లు తింటున్నాను. ఆరో రోజు పొద్దున పిల్లలు గూటి గుమ్మంలోకి వచ్చి కూర్చున్నాయి. తల్లి ఎదురు కొమ్మ మీద నుంచి పిలిచింది. ముందు ఒకటి, దాని వెనక ఇంకొకటి, రెక్కలు కొట్టుకుంటూ బయటపడ్డాయి. ఒకటి నేరుగా పోయి బర్రె కొమ్ము మీద వాలి, కొమ్మకూ కొమ్ముకూ తేడా తెలియక కాసేపు అక్కడే ఊగింది. బర్రె కదల్లేదు. అవ్వ "కదిలినవంటే చూడు," అని బర్రెను అప్పటికే బెదిరించి ఉంది. అంతలో తల్లి వచ్చి దాన్ని లేపుకుపోయింది. నేను ఒక్క ఫోటో తీయలేదు. కెమెరా చేతిలోనే ఉంది, చేతులకు గుర్తురాలేదు.

ఇదంతా చదివి మీరు బర్రెలను కడిగే పైపు నేను కల్పించానంటారు. లేదు, వచ్చి చూసుకోండి, వైరుకు ఇంకా ఉంది. ఎర్ర సున్నా, ఆకుపచ్చ సున్నా, ప్రమాదం పోయిందని చెప్పడానికి గడి లేకపోవడం, ఒక్కటీ నేను పుట్టించలేదు. అలాంటివి పుట్టించేంత తెలివి నాకుంటే డిపోలో కిటికీ వెనక ఎందుకుంటాను? బర్రె కొమ్ము కూడా నిజమే.

నేను కల్పించింది ఒక్కటే. ఎగిరినవి రెండు కాదు.

మూడో కొమ్మ విరిగి చెట్టంతా ఊగింది కదా, ఆ సాయంత్రం తల్లి వాలినప్పుడు గుమ్మంలో ఒక్క నోరే తెరుచుకుంది. రెండోదాన్ని అవ్వ గడ్డి తొట్టి పక్కన చూసి, నాకు చెప్పకుండా చెట్టు మొదట్లో మన్ను తీసి పెట్టేసింది. మర్నాడు చెప్పింది. మిగిలిన ఒక్కటీ ఎగిరాక లైన్‌మన్ మా గల్లీలో ఇంకేదో పనికి వచ్చి, బండి ఆపి, "పిల్లలు ఎగిరినయా సార్?" అని అడిగాడు. "రెండూ ఎగిరినయి," అన్నాను. అతను నవ్వాడు. అప్పటినుంచి అందరికీ అదే చెబుతున్నాను, ఇక్కడా అదే రాశాను. అధ్యక్షుడు ఒక్కడే ఇంతవరకు అడగలేదు. ఆయనకు మాత్రం నిజం చెప్పాలని చూస్తున్నాను.